బాక్సర్ కూడా కార్మికుడే

2025 జనవరిలో లాస్ వేగాస్‌లో నిశాంత్ దేవ్ తన తొలి ప్రొఫెషనల్ పోటీని మొదటి రౌండ్‌లోనే ముగించాడు. అంతకు ఆరు నెలల ముందు పారిస్ ఒలింపిక్స్ క్వార్టర్ ఫైనల్లో మెక్సికో బాక్సర్ చేతిలో ఓడి, పతకం చేతిదాకా వచ్చి జారిపోయిన హరియాణా కుర్రాడు అతను. ఇరవై నాలుగేళ్ల వయసులో అమెచ్యూర్ బాక్సింగ్ వదిలి పెద్ద ప్రమోటర్ దగ్గర చేరాడు. శ్రీకాకుళంలోనో విజయనగరంలోనో తెల్లారకుండా లేచి బ్యాగ్ మీద పంచ్‌లు సాధన చేసే పదిహేడేళ్ల కుర్రాడు ఫోన్‌లో ఆ పోటీ చూసి ‘నేనెందుకు వెళ్లకూడదు’ అనుకుంటే అందులో తప్పేమీ లేదు. వెళ్లొద్దని చెప్పే హక్కు మనకు లేదు. కానీ ఇవాళ అతను వెళ్లాలంటే చేతిలో ఉన్న ఉద్యోగాన్నో, రాబోయే ఉద్యోగాన్నో పణంగా పెట్టి, వైద్య రక్షణ ఎంతుందో తెలియకుండా, పూర్తిగా అర్థంకాని కాగితం మీద సంతకం చేసి వెళ్లాలి. ప్రొఫెషనల్ బాక్సర్ కూలి డబ్బుకు ఒళ్లు పణంగా పెట్టి పనిచేసే కార్మికుడు. కార్మికుడికి ఉండవలసిన రక్షణ ఏదీ కల్పించకుండా, ముందే ఆ దారి పట్టిన విజేందర్ సింగ్‌నీ నిశాంత్ దేవ్‌నీ చూపించి మన పిల్లలను ఆ వైపు తోయడం అన్యాయమని నా అభిప్రాయం.

బలాన్ని బతుకుతెరువు చేసుకోవడం ఉత్తరాంధ్రకు కొత్త కాదు. వీరఘట్టంలో పుట్టి, విజయనగరంలో పినతండ్రి ఇంట పెరిగి, అక్కడే కసరత్తులు నేర్చి, మద్రాసు సైదాపేటలో వ్యాయామ శిక్షణ పొంది, కొన్నాళ్లు వ్యాయామోపాధ్యాయుడిగా పనిచేసిన కోడి రామ్మూర్తి నాయుడు ఆ తర్వాత సర్కస్ కంపెనీ పెట్టాడు. ఛాతీ మీద ఏనుగును నిలబెట్టుకోవడం, ఒంటికి చుట్టిన ఇనుప గొలుసులను ఊపిరి బిగించి తెంచడం వంటి ప్రదర్శనలతో దేశవిదేశాల్లో పేరు తెచ్చుకున్నాడు. కలియుగ భీముడని జనం పిలుచుకున్నారు. నేటి మాటల్లో చెప్పాలంటే ఆయన ఈ ప్రాంతపు తొలి ప్రొఫెషనల్ క్రీడాకారుడు: టిక్కెట్టు కొన్న ప్రేక్షకుడి డబ్బుతో, తన దేహాన్నే పెట్టుబడిగా పెట్టి బతికినవాడు. అంతటి బలశాలి చివరికి కాలు తీయించుకోవలసి వచ్చింది. సంపాదించిన ఆస్తి నిలవలేదు. ఒడిశాలోని బలంగీర్‌లో సంస్థానాధీశుడి ఆదరణలో ఉంటూ 1942లో కన్నుమూశాడు. విశాఖ బీచ్‌లో ఆయన విగ్రహం ముందు నిలబడినప్పుడు మనం ఆయన బలాన్నే తలుచుకుంటాం. ఒంట్లో సత్తువ ఉన్నంతకాలం ప్రదర్శన, అది పోయాక దాత దయ అన్న ఆ ఏర్పాటును కూడా తలుచుకోవాలి. నూరేళ్లు గడిచినా, డబ్బుకు పోరాడే మన క్రీడాకారుడి విషయంలో ఆ ఏర్పాటులో పెద్ద మార్పు రాలేదు.

వేరే ఆటలో మార్పు వచ్చింది. ఆమదాలవలస మండలం ఊసవానిపేటలో నీలంశెట్టి అప్పన్న దగ్గర బరువులెత్తడం నేర్చుకున్న కరణం మల్లీశ్వరి 2000 సెప్టెంబరులో సిడ్నీలో మొత్తం 240 కిలోలు ఎత్తి, ఒలింపిక్ పతకం సాధించిన తొలి భారతీయ మహిళ అయింది. నెల్లిమర్ల మండలం కొండవెలగాడ ఊరు ఊరంతా వెయిట్‌లిఫ్టింగ్‌కు పేరు మోసింది. ఆ ఊరి అమ్మాయి మత్స సంతోషి 2014 గ్లాస్గో కామన్వెల్త్ క్రీడల్లో 53 కిలోల విభాగంలో కాంస్యం గెలిచింది, పై స్థానంలో నిలిచిన నైజీరియా క్రీడాకారిణి డోపింగ్‌లో దొరకడంతో అది రజతమైంది. ఈ ఊళ్లలో తల్లిదండ్రులు ఆడపిల్లలను సైతం ధైర్యంగా బరువులెత్తడానికి పంపారంటే దానికి పతకాల మోజు ఒక్కటే కారణం కాదు. పతకం రాకపోయినా నేషనల్స్ ఆడిన సర్టిఫికెట్ ఉంటే రైల్వేలోనో, పోలీసులోనో, ఆర్మీలోనో ఉద్యోగం వస్తుందన్న నమ్మకం వారిని నడిపించింది. మల్లీశ్వరి కూడా ఆహార సంస్థలో ఉద్యోగం చేసుకుంటూనే ఆడింది. మనం స్పోర్ట్స్ కోటా అని తేలిగ్గా అనే ఆ ఉద్యోగం లేకపోతే ఉత్తరాంధ్రలో క్రీడాచరిత్రే లేదు. అమెచ్యూర్ అనే మాటకు డబ్బు తీసుకోకుండా ఆడేవాడని అర్థం చెప్పుకుంటాం గానీ, నెలజీతం, పింఛను, వైద్య సదుపాయం ఉన్నది మన దేశంలో అతనికే.

బాక్సింగ్‌లో కూడా తెలుగువాళ్ల దారి ఇదే. దాని కేంద్రం విశాఖపట్నం. ద్రోణాచార్య పురస్కారం పొందిన కోచ్ ఐ.వెంకటేశ్వరరావు శిక్షణలో అక్కడి సాయ్ (భారత క్రీడా ప్రాధికార సంస్థ) కేంద్రం దేశానికి బాక్సర్లను ఇచ్చింది. విశాఖకే చెందిన నగిశెట్టి ఉష 2008లో చైనాలోని నింగ్‌బోలో జరిగిన ప్రపంచ చాంపియన్‌షిప్‌లో 57 కిలోల విభాగంలో రజతం గెలిచింది. 2012 లండన్‌లో మహిళల బాక్సింగ్‌ను తొలిసారి ఒలింపిక్స్‌లో చేర్చినప్పుడు పెట్టిన విభాగాలు మూడే: 51, 60, 75. ఆమె రాణించిన బరువుకు అక్కడ చోటే లేకపోయింది. 2020లో ధ్యాన్‌చంద్ పురస్కారం రావడం సంతోషమే గానీ, ఒక బాక్సర్ బతుకు ఎవరో ఎక్కడో గీసిన బరువుల పట్టికతో ఎలా మలుపు తిరుగుతుందో ఆమె కథ చెబుతుంది. నిజామాబాద్ నుంచి అదే విశాఖ కేంద్రానికి వచ్చిన నిఖత్ జరీన్ 2011లో జూనియర్ ప్రపంచ విజేత అయింది. సీనియర్ ప్రపంచ టైటిల్ కోసం 2022లో ఇస్తాంబుల్ దాకా, అంటే పదకొండేళ్లు ఆగింది. 2023లో ఢిల్లీలో మళ్లీ గెలిచినప్పుడు లక్ష డాలర్ల బహుమతి వచ్చింది. పారిస్‌లో చైనా బాక్సర్ వు యు చేతిలో ఓడినా తెలంగాణ ప్రభుత్వం ఆమెకు డీఎస్పీ ఉద్యోగం ఇచ్చింది. అదే నిజామాబాద్‌కు చెందిన హుసాముద్దీన్ సైన్యంలో ఉంటూ రెండు కామన్వెల్త్ కాంస్యాలు, 2023 తాష్కెంట్ ప్రపంచ పోటీల్లో మరో కాంస్యం గెలిచాడు. తాష్కెంట్‌లో మోకాలి గాయం వల్ల సెమీఫైనల్ ఆడలేక తప్పుకున్నాడు. మోకాలికి దెబ్బ తగిలిన సైనికుడికి జీతం ఆగదు. ప్రొఫెషనల్ బాక్సర్‌కు పోటీ రద్దయితే రావలసిన డబ్బు కూడా పోతుంది.

మరి అమెచ్యూర్ దారి అంత బాగుంటే ఎవరైనా ఎందుకు వదులుతారు? పైకి వెళ్లేకొద్దీ ఆ నిచ్చెన మరీ ఇరుకైపోతుంది. పారిస్‌కు భారత్ నుంచి వెళ్లిన బాక్సర్లు ఆరుగురు, వారిలో పురుషులు ఇద్దరే, ఆ ఇద్దరూ హరియాణావాళ్లే. తెలుగు నేల నుంచి నిఖత్ ఒక్కతే. జాతీయ పోటీల్లో పతకం గెలిచి, జాతీయ శిబిరం గడపదాకా వెళ్లి ఆగిపోయిన ఇరవై నాలుగేళ్ల బాక్సర్ ముందు ఇంకో ఏడెనిమిదేళ్ల మంచి వయసు ఉంటుంది, ఆడడానికి పెద్ద పోటీలు ఉండవు. పైగా ఆ నిచ్చెనకు గట్టి నేల కూడా లేదు. 2012 డిసెంబరులో భారత బాక్సింగ్ సమాఖ్యపై అంతర్జాతీయ సమాఖ్య వేటు వేయడంతో మన బాక్సర్లు సొంత జెండా లేకుండా బరిలోకి దిగారు, 2016లో కొత్త సమాఖ్య ఏర్పడేదాకా అంతా గందరగోళమే. ఆ తర్వాత 2023లో ఒలింపిక్ కమిటీ అంతర్జాతీయ సమాఖ్యకే గుర్తింపు తీసేసింది. 2028 లాస్ ఏంజెలెస్‌లో బాక్సింగ్ ఉంటుందో లేదో 2025 మార్చి దాకా తేలలేదు. తన తప్పు ఏమీ లేకుండా నాలుగేళ్లు, రెండేళ్లు పోగొట్టుకున్న బాక్సర్ ఎవరైనా డబ్బిచ్చి పోటీ పెడతామంటే వెళ్తాడు. అది అత్యాశ కాదు, వయసు కరిగిపోతున్న మనిషి తొందర.

ఆ తొందరలో అతను సరిగ్గా చూడని సంగతి ఏమిటంటే, రింగ్ అదే అయినా లోపల జరిగే పని వేరు. అమెచ్యూర్ బౌట్ మూడు నిమిషాల చొప్పున మూడు రౌండ్లు, మొత్తం తొమ్మిది నిమిషాలు. ప్రొఫెషనల్‌గా నాలుగు రౌండ్లతో మొదలై ఆరు, ఎనిమిది, పదికి పెరిగి, టైటిల్ పోటీల్లో పన్నెండుకు చేరుతుంది, అంటే ముప్పై ఆరు నిమిషాలు. అమెచ్యూర్‌లో గ్లౌజులు 10 లేదా 12 ఔన్సులవి, ఇక్కడ తేలిక బరువుల వాళ్లకు 8, ఆపై వాళ్లకు 10. గ్లౌజు పల్చబడేకొద్దీ ఎముక దగ్గరవుతుంది. అమెచ్యూర్‌లో వేగంగా తాకి తప్పుకున్నవాడు గెలుస్తాడు, ప్రొఫెషనల్‌గా పక్కటెముకల కింద, కాలేయం మీద కొట్టి కొట్టి ఎదుటివాడి కాళ్లలో సత్తువ తీయడం నేర్చుకోవాలి. ఆ దెబ్బలు తినడమూ నేర్చుకోవాలి. తొమ్మిది నిమిషాల పరుగుకు అలవాటైన ఊపిరిని ముప్పై ఆరు నిమిషాలకు మలచడానికి ఏళ్లు పడుతుంది. విజేందర్ 2008 బీజింగ్ కాంస్యం తర్వాత ఏడేళ్లకు, ఇరవై తొమ్మిదేళ్ల వయసులో ప్రొఫెషనల్ అయ్యాడు. 2015 అక్టోబరులో మాంచెస్టర్‌లో తొలి పోటీ గెలిచి, 2016 జులైలో ఢిల్లీ త్యాగరాజ్ స్టేడియంలో ఆస్ట్రేలియా బాక్సర్ కెర్రీ హోప్‌ను పది రౌండ్లు ఎదుర్కొని ఆసియా పసిఫిక్ టైటిల్ తెచ్చుకున్నాడు. వరుసగా పన్నెండు గెలిచాడు. 2021లో గోవాలో తొలి ఓటమి ఎదురయ్యేనాటికి వయసు ముప్పై ఐదు దాటింది. ఒలింపిక్ పతకం, ఇంగ్లండ్ శిక్షణ, ప్రమోటర్ అండ ఉన్న మనిషికే ప్రపంచ టైటిల్ పోటీ దాకా వెళ్లే వ్యవధి దొరకలేదు.

బరువు తగ్గించుకోవడం గురించి ప్రత్యేకంగా చెప్పాలి, ఎందుకంటే ఇది మన ప్రాంతానికి మరీ దగ్గరి సంగతి. అమెచ్యూర్ టోర్నీలో పోటీ ఉన్న రోజు పొద్దున్నే బరువు చూస్తారు, అందుకని బాక్సర్ తన సహజమైన బరువుకు మరీ దూరం పోలేడు. ప్రొఫెషనల్‌గా ముందురోజే బరువు చూస్తారు. దాంతో నీళ్లు మానేసి, చెమటపట్టించి, కిలోలకు కిలోలు దించుకుని తూకం అయ్యాక తిరిగి తాగి నింపుకోవడం పరిపాటి. అలా ఒంట్లో నీరు లాగేసినప్పుడు మూత్రపిండాలకు దెబ్బ తగులుతుంది. కవిటి, సోంపేట, ఇచ్ఛాపురం, పలాస, మందస మండలాల ఉద్దానంలో కిడ్నీ వ్యాధి ఎన్ని కుటుంబాలను కూల్చిందో, దాని మూలకారణం మీద ఇన్నేళ్లుగా ఎన్ని పరిశోధనలు జరుగుతున్నాయో మనకు తెలుసు. పలాసలో ప్రత్యేకంగా కిడ్నీ ఆసుపత్రి కట్టవలసి వచ్చింది. అలాంటి నేల మీద పుట్టిన కుర్రాడిని కిడ్నీల పనితీరు చెప్పే క్రియాటినిన్ పరీక్ష అయినా చేయించకుండా, నీళ్లు మాని ఐదారు కిలోలు దించమనే ఆటలోకి పంపడం ఏ లెక్కన చూసినా నేరమే. ఢిల్లీలోనో ముంబయిలోనో కూర్చుని నిబంధనలు రాసేవాళ్లకు ఈ సంగతి తట్టకపోవచ్చు. మన జిల్లాల వాళ్లకు తట్టాలి.

ఇక ఒప్పందం మాట. ఏ దేశంలోనైనా ప్రొఫెషనల్ బాక్సింగ్ ఇద్దరి మీద నడుస్తుంది: టిక్కెట్లు అమ్ముడుపోవడానికి పెంచుతున్న బాక్సర్ ఒకడు, అతని రికార్డులో ఇంకో గెలుపు చేర్చడానికి ఎదుట నిలబెట్టే బాక్సర్ మరొకడు. రెండోవాడికి కబురు ఆలస్యంగా వస్తుంది, సాధనకు వ్యవధి ఉండదు, పరాయి ఊళ్లో పరాయి న్యాయనిర్ణేతల ముందు ఆడాలి. చిన్న ఊరి నుంచి, పెద్ద పతకం లేకుండా వెళ్లిన కుర్రాడికి ఎక్కువగా దక్కేది ఈ రెండో స్థానమే. శ్రీకాకుళం వాళ్లకు ఇది విడమరచి చెప్పనక్కర్లేదు. మేస్త్రి చేతిలో అడ్వాన్సు అందుకుని, కూలి ఎంతో పని ఎన్నాళ్లో నోటిమాటగా విని రైలెక్కిన వలస కుటుంబాలు ఇక్కడ ప్రతి ఊళ్లో ఉన్నాయి. గుజరాత్‌లోని వేరావల్ బోట్ల మీద పనికి వెళ్లి, 2018 చివర్లో పాకిస్తాన్ చేతికి చిక్కి, ఏడాదికి పైగా కరాచీ జైల్లో మగ్గిన మత్స్యకారులు మన తీరంవాళ్లే. ప్రమోటర్ మోసగాడని నేననడం లేదు, చాలామంది మేస్త్రులూ మోసగాళ్లు కారు. కానీ ఒకవైపు లాయర్లు, లెక్కలు, టీవీ ఒప్పందాలు, మరోవైపు ఒక కుర్రాడి ఆశ మాత్రమే ఉన్నచోట, మంచివాడు తటస్థపడితే బాగుపడతాడు, లేకపోతే లేదు. వలస కార్మికుల కోసం 1979లో చట్టం చేసుకున్న దేశం మనది. అది ఎంత అమలైందన్నది వేరే సంగతి, అవసరాన్ని మాత్రం గుర్తించాం. రింగ్‌లో పనిచేసేవాడి విషయంలో ఆ గుర్తింపైనా లేదు.

వేరే దేశాలు ఈ గుర్తింపుకు ఊరికే రాలేదు. 1991 సెప్టెంబరులో లండన్‌లో క్రిస్ యూబ్యాంక్‌తో పోటీలో మైకేల్ వాట్సన్ మెదడులో రక్తం గడ్డకట్టి కూలిపోయాడు. రింగ్ పక్కన అతనికి ఊపిరి అందించే ఏర్పాటు లేదు. ముందు తీసుకెళ్లిన ఆసుపత్రిలో మెదడు శస్త్రచికిత్స విభాగం లేదు. నలభై రోజులు కోమాలో ఉండి, ఆరు ఆపరేషన్లు చేయించుకుని బయటపడ్డా మునుపటి మనిషి కాలేకపోయాడు. అతను బ్రిటిష్ బాక్సింగ్ నియంత్రణ బోర్డు మీద దావా వేశాడు. పోటీలకు నియమాలు రాసే సంస్థకు బాక్సర్ ప్రాణం మీద బాధ్యత ఉంటుందని 2000 డిసెంబరులో అప్పీలు కోర్టు తేల్చింది. అమెరికాలో 1996 చట్టం బాక్సర్‌కు గుర్తింపు కార్డు, రింగ్ పక్కన వైద్యుడు, గాయపడితే బీమా తప్పనిసరి చేసింది, ఒక రాష్ట్రంలో వైద్య కారణాలతో ఆపేసిన బాక్సర్ ఇంకో రాష్ట్రంలో ఆడకుండా కట్టడి చేసింది. 2000లో మహమ్మద్ అలీ పేరిట వచ్చిన చట్టం మేనేజర్, ప్రమోటర్ ఒక్కరే అయి బాక్సర్ మీద రెండు వైపులా సంపాదించడాన్ని అడ్డుకుంది, పోటీ మీద ఎంత రాబడి వచ్చిందో ప్రమోటర్ బాక్సర్‌కు చెప్పి తీరాలంది. పదే పదే తలకు తగిలే దెబ్బలు మెదడును ఎలా పాడుచేస్తాయో అమెరికా వైద్యుడు మార్ట్‌లాండ్ 1928లోనే రాశాడు. అంటే దాదాపు నూరేళ్లుగా తెలిసిన ప్రమాదానికి మనం ఇవాళ్టికీ ఒక చట్టం రాసుకోలేదు. 2025లో పార్లమెంటు ఆమోదించిన జాతీయ క్రీడా పాలన చట్టం ప్రధానంగా జాతీయ సమాఖ్యల ఎన్నికలు, వివాదాలు, జవాబుదారీ గురించి మాట్లాడుతుంది. డబ్బుకు జరిగే బాక్సింగ్ పోటీలో పడిపోయిన కుర్రాడి గురించి రాసినది కాదది.

అయితే ఢిల్లీ కోసం ఎదురుచూడవలసిన పని లేదు. రాజ్యాంగం ఏడో షెడ్యూలులో రాష్ట్రాల జాబితాలోని 33వ అంశం క్రీడలు, వినోదాలను రాష్ట్రాల చేతికే ఇచ్చింది. ప్రొఫెషనల్ బాక్సింగ్‌కు లైసెన్సు పద్ధతి పెడుతూ ఆంధ్రప్రదేశ్ శాసనసభ చట్టం చేయవచ్చు. అందులో ముందుగా ఉండవలసినది వైద్య పుస్తకం: ఏటా మెదడు స్కానింగ్, కంటి పరీక్ష, కిడ్నీ పరీక్ష, ప్రతి పోటీ ఫలితం, నాకౌట్ అయితే ఎన్నాళ్లు ఆడకూడదో ఆ వివరం. ఆ పుస్తకం బాక్సర్ దగ్గరా ప్రభుత్వం దగ్గరా ఉండాలి, ప్రమోటర్ చేతిలో కాదు. మెదడు ఆపరేషన్ చేయగల ఆసుపత్రి దగ్గరలో లేని ఊళ్లో పోటీకి అనుమతి ఇవ్వకూడదు. తలకు పెద్ద గాయమైతే శ్రీకాకుళం నుంచి విశాఖ కేజీహెచ్ ఆసుపత్రికి రాయడం, వంద కిలోమీటర్ల పైచిలుకు అంబులెన్సులో తీసుకెళ్లడం మనకు మామూలైపోయిన వ్యవహారం. రోడ్డు ప్రమాదమైతే తప్పని పరిస్థితి అనుకుంటాం, మనంతట మనం ఏర్పాటు చేసిన పోటీకి ఆ మాట చెల్లదు. ఒప్పందం తెలుగులో ఉండాలి, క్రీడా సంస్థ నియమించిన న్యాయవాది దాన్ని చదివి వినిపించాకే సంతకం చెల్లాలి.

వీటన్నిటికంటే నేను ఎక్కువ పట్టుబట్టేది ఉద్యోగం గురించి. విజేందర్ ప్రొఫెషనల్‌గా మారినప్పుడు హరియాణా పోలీసులో డీఎస్పీ. అప్పట్లో ఆ ప్రభుత్వం అభ్యంతరం చెప్పింది, పంజాబ్ హరియాణా హైకోర్టు కూడా సంగతేమిటని అడిగింది. అయినా ఆయన ఆ ఉద్యోగానికి రాజీనామా ఇచ్చింది 2019 ఎన్నికల్లో పోటీ చేయడానికే తప్ప బాక్సింగ్ కోసం కాదు. బాక్సర్ వికాస్ క్రిషన్ కూడా అదే పోలీసు శాఖ వాడు. 2019 జనవరిలో న్యూయార్క్‌లో తొలి ప్రొఫెషనల్ పోటీ గెలిచి, ఏప్రిల్‌లో ఇంకొకటి ఆడి, ఒలింపిక్స్ మీద మనసు పోవడంతో వెనక్కి వచ్చి టోక్యోకు అర్హత సాధించాడు. ఈ ఇద్దరూ సాహసం చేయగలిగారంటే వెనక నిలబడడానికి నేల ఉంది గనుకే. డీఎస్పీకి దొరికిన ఆ వెసులుబాటు కానిస్టేబుల్‌కో, రైల్వే గ్యాంగ్‌మన్‌కో, సైన్యంలో హవల్దార్‌కో దొరకాలి. ప్రభుత్వోద్యోగి జీతం లేని సెలవు మీద విదేశాలకు వెళ్లి పనిచేసుకుని తిరిగి ఉద్యోగంలో చేరడానికి మన రాష్ట్రం లోగడ వీలిచ్చింది. డాక్టరుకు, ఇంజనీరుకు పనికొచ్చిన ఆ పద్ధతి బాక్సర్‌కు ఎందుకు పనికిరాదు? మూడేళ్లు జీతం లేని సెలవు, సీనియారిటీ మాత్రం పోకుండా. గెలిస్తే అతనే రాజీనామా ఇచ్చుకుంటాడు, ఓడితే తిరిగి డ్యూటీకి వస్తాడు. ఈ ఒక్క ఏర్పాటుతో ప్రమోటర్ ముందు కూర్చున్న కుర్రాడి స్వరం మారిపోతుంది. సంతకం పెట్టకపోతే రేపు అన్నం లేదనుకునేవాడికీ, పెట్టకపోయినా ఫరవాలేదనుకునేవాడికీ ఒకే ఒప్పందం రాయరు.

ఇంత ప్రమాదమని తెలిసి ఆ ఆటనే నిషేధించవచ్చు కదా అనేవాళ్లున్నారు. వారి బాధ నిజమైనదే, వైద్యులు ఆ మాట అన్నప్పుడు తోసిపుచ్చడం నాకూ కష్టమే. కానీ నిషేధించిన దేశాల అనుభవం చూడాలి. స్వీడన్ 1970లో, నార్వే 1981లో ప్రొఫెషనల్ బాక్సింగ్‌ను నిషేధించాయి. నార్వే మహిళ సిసిలియా బ్రేఖుస్ ఏళ్ల తరబడి పరాయి దేశాల్లో ఆడి, 2014లో తన బరువులో నాలుగు ప్రపంచ టైటిళ్లూ గెలుచుకుంది. ఆ ఏడాది చివర్లో నార్వే నిషేధం ఎత్తేశాక, 2016లోగానీ సొంత దేశంలో ఆడలేకపోయింది. స్వీడన్ అంతకుముందే మనసు మార్చుకుంది. 1962 నుంచి నిషేధించిన క్యూబాలో బాక్సర్లు దేశం విడిచి పారిపోవడం ఆగలేదు, 2022లో ఆ ప్రభుత్వమే తన బాక్సర్లను మెక్సికోలో ప్రొఫెషనల్‌గా దింపింది. నిషేధం బాక్సర్‌ను ఆపలేదు, వాడి ఒంటికి ఏం జరుగుతోందో చూసే కళ్లను మాత్రం దూరం చేసింది. మన దగ్గర ఆటను నిషేధిస్తే కనీసం పట్టించుకునే వైద్యుడు కూడా లేని రింగుల్లోకి మన పిల్లలు వెళ్తారు.

ప్రజల సొమ్ము ఒలింపిక్ పతకాలకు పెట్టాలిగానీ ప్రైవేటు ప్రమోటర్ల లాభానికి ఎందుకు పెట్టాలన్నది ఇంకో ప్రశ్న. ఇది న్యాయమైనదే. అందుకే నేను అడిగినవాటిలో ప్రమోటర్‌కు ఇచ్చేది ఏమీ లేదు. వైద్య పరీక్షల ఖర్చు, బీమా ప్రీమియం పోటీ పెట్టేవాడి లైసెన్సు రుసుము నుంచే రావాలి. జీతం లేని సెలవుకు ఖజానా నుంచి పోయేదేమీ ఉండదు. ఒలింపిక్ ఆశలు దెబ్బతింటాయన్న భయం కూడా అంత నిలబడేది కాదు. 2016 నుంచి ప్రొఫెషనల్‌లకూ ఒలింపిక్ తలుపు తెరిచే ఉంది, వికాస్ వెనక్కి వచ్చింది ఆ తలుపులోంచే. బాక్సర్‌కు ముందు ముందు ఏదో ఉందన్న నమ్మకం ఉంటే పద్దెనిమిదేళ్లకే గ్లౌజులు విప్పేసి పోటీ పరీక్షల పుస్తకాలు పట్టేవాళ్లు తగ్గుతారు. అప్పుడు అమెచ్యూర్ జట్టుకే ఎక్కువమంది మిగులుతారు.

మా జిల్లాలో సరైన రింగే లేదు, మీరు చట్టాల గురించి మాట్లాడుతున్నారని అడిగేవాళ్లకు నా దగ్గర సులువైన జవాబు లేదు. రింగులు కావాలి, కోచ్‌లు కావాలి, విశాఖకు వెళ్తే తప్ప మంచి స్పారింగ్ దొరకని పరిస్థితి పోవాలి. కొండవెలగాడలోనూ ఊసవానిపేటలోనూ భవనాల కంటే ముందు ఒక గురువు వచ్చాడని కూడా గుర్తుంచుకోవాలి. కానీ రింగులు కట్టేదాకా రక్షణ సంగతి ఆపుదామనడం తలకిందుల లెక్క. సైన్యంలో, పోలీసులో, విశాఖ శిబిరాల్లో శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల పిల్లలు ఇప్పుడే గ్లౌజులు తొడుగుతున్నారు. వారికి ఫోన్లో వచ్చే కబురు మన భవనాల కోసం ఆగదు. 2024లో తెచ్చిన క్రీడా విధానంలో రాష్ట్ర ప్రభుత్వం ఉద్యోగాల్లో స్పోర్ట్స్ కోటాను 2 నుంచి 3 శాతానికి పెంచింది, ఒలింపిక్ స్వర్ణానికి 7 కోట్ల రూపాయలు ప్రకటించింది. ఆ స్వర్ణం ఎన్నాళ్లకు వస్తుందో ఎవరూ చెప్పలేరు. ఆ 3 శాతంలో ఉద్యోగం పొందే బాక్సర్లు మాత్రం ఏటా ఉంటారు. వారి నియామక ఉత్తర్వుల్లోనే మూడేళ్ల సెలవు వెసులుబాటు, ఏటా వైద్య పరీక్ష చేర్చడానికి కొత్త చట్టం కూడా అక్కర్లేదు, క్రీడా శాఖ, ఆర్థిక శాఖ కలిసి ఒక జీవో ఇస్తే సరిపోతుంది. ఉత్తరాంధ్ర శాసనసభ్యులు వచ్చే సమావేశాల్లోనే దాన్ని అడగాలి.